బరువు పంచుకొన్న జట్టు



ఈ సాయంకాలము నేను మీకొక ఆటనుగూర్చి చెప్పబూనితిని. అది మన ఆట కాదు. ఆడినవారు మనవారు కారు. ఆడినచోటు అమెరికా దేశమునందలి టెక్సాసు రాష్ట్రము. ఆ రాష్ట్రమునకు ఉద్యోగములకై యేగి స్థిరపడిన తెలుగు బిడ్డలు నేడు వేలకొలది యున్నారు గనుక ఆ పేరు మీలో ననేకులకు క్రొత్త గాదు. ఆటల ముచ్చటలు పిల్లలకు చెప్పవలెను గాని తలలు నెరసిన మనకేల యని మీరనవచ్చును. నేను చెప్పబోవు కథ యేండ్లు మీరినవారి కథయే. బలవంతుడైనవాడు వయసు మీరిన పిదప తన బలమును ఏమి చేసికొనవలెను? మునుపటివలె బరువంతయు నేనే మోయుదునని పంతము పట్టి త్రోవలో కూలబడవలెనా? లేక కాడి దింపి అరుగుమీద కూర్చుండవలెనా? ఈ రెంటికిని నడుమ మూడవ త్రోవ యొకటి కలదని 2013-14 సంవత్సరమున శాన్ ఆంటోనియో నగరపు జట్టు చూపినది. ఆ త్రోవ యెట్టిదో వినుడు.

ముందుగా ఆట సంగతి. దీనిని బాస్కెట్‌బాల్ అందురు. మన ఉన్నత పాఠశాలలలో కొన్నింట పిల్లలు దీనిని ఆడుచుండుట మీరు చూచియే యుందురు. 1891వ సంవత్సరమున అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున జేమ్సు నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు, చలికాలమున బయట ఆడ వీలులేని విద్యార్థులకొఱకు, గదిలో రెండు వైపుల రెండు పండ్లబుట్టలు ఎత్తున కట్టించి వానిలో బంతి వేయించెను. ఆ బుట్టలే నేడు ఇనుప వలయములైనవి. అవి నేలకు 10 అడుగుల ఎత్తున నుండును. ఒక్కొక్క పక్షమున అయిదుగురు నిలుతురు. బంతిని చంకబెట్టుకొని పరుగెత్తరాదు. నేలకు కొట్టుచు పోవలెను, లేదా తోడివానికి అందీయవలెను. దగ్గఱనుండి వేసినచో రెండు పాయింట్లు, దూరపు గీత వెలుపలినుండి వేసినచో మూడు. ఎదిరిపక్షమువారు తప్పు చేసినచో, ఎవ్వరును అడ్డము రాకుండ నిలిచి వేయు అవకాశ మిత్తురు, దానికి ఒక్కటి. ఆట 48 నిమిషములు. సమముగా ముగిసినచో మఱి అయిదు నిమిషములు ఆడింతురు.

ఇచ్చట చిన్న లెక్క యొకటి వేయుదము. అయిదుగురు 48 నిమిషములు ఆడవలెను గనుక ఒక జట్టునకు ఒక ఆటలో మొత్తము 240 నిమిషముల పని యున్నది. ఆ పనిని అయిదుగురే చేయనక్కఱలేదు. బల్లమీద కూర్చున్నవారిని మార్చి మార్చి దింపవచ్చును. ఎవరికెంత పని యప్పగింతునన్నది జట్టు శిక్షకుని విచక్షణ. ఈ 240 అను సంఖ్యను గుర్తుంచుకొనుడు. కథ యంతయు దానిచుట్టును తిరుగును.

అమెరికాలో జీతమునకాడు ఉత్తమజట్లు 30 కలవు. వాని సమాఖ్యను నేషనల్ బాస్కెట్‌బాల్ అసోసియేషను అందురు. ఒక్కొక్క జట్టు అక్టోబరు చివరినుండి ఏప్రిలు నడుమవఱకు 82 ఆటలు ఆడవలెను. ఈ రాత్రి ఒక ఊర, ఎల్లుండి వేయి మైళ్ల దూరమున నింకొక ఊర. అందులో మేలైన 16 జట్లు తుది పోటీలకు చేరును. ఒక్కొక్క పోటీలో ఏడాటలలో నాలుగు గెలిచినవారు ముందుకు పోవుదురు. అట్లు నాలుగు పోటీలు వరుసగా గెలిచిన జట్టునకే ఆ యేటి బిరుదు. ఎనిమిది నెలల ప్రయాణ మది. మొదటి నెలలో గుఱ్ఱమువలె పరుగెత్తినవాడు జూను మాసమునకు కుంటుట కలదు.

శాన్ ఆంటోనియో జట్టు పేరు స్పర్సు. గుఱ్ఱపు రౌతు తన మడమకు కట్టుకొను ఇనుప ముల్లునకు ఆ పేరు. 1996 డిసెంబరు నుండి దాని శిక్షకుడు గ్రెగ్ పోపోవిచ్. మనము చెప్పుకొను ఆటలు ముగియునాటికి ఆయన వయస్సు 65. ఆయన చేతిక్రింద ముగ్గురు పెద్దలుండిరి.

మొదటివాడు టిమ్ డంకన్. వర్జిన్ దీవులలోని సెయింట్ క్రోయి ద్వీపమువాడు. బాల్యమున నతడు ఈతగాడు. 1989లో హ్యూగో యను తుఫాను ఆ దీవిలోని ఈతకొలనును ధ్వంసము చేయగా బంతియాటకు వచ్చెను. మఱుసటి యేట తల్లి వ్యాధితో మరణించెను. చదువు పూర్తిచేయుదునని ఆమెకిచ్చిన మాట నిలుపుకొనుటకై, ధనమాశ చూపి పిలుచువారున్నను, నాలుగేండ్లు విశ్వవిద్యాలయమున చదివి 1997లో పట్టము పుచ్చుకొన్న పిదపనే జీతపుటాటకు వచ్చెను. రెండవవాడు మను జినోబిలి, అర్జెంటీనా దేశస్థుడు. 1999లో జట్లు క్రొత్తవారిని ఎన్నుకొనునప్పుడు 58 మందిలో 57వ వాడుగా నెన్నికైనవాడు. ఆ తరువాత 2004 ఒలింపిక్ క్రీడలలో తన దేశమునకు బంగారు పతకము తెచ్చిన జట్టునకు నాయకమణి. మూడవవాడు టోనీ పార్కర్, ఫ్రాన్సు దేశపువాడు. డంకన్ వచ్చిన పిదప ఈ జట్టు 1999, 2003, 2005, 2007 సంవత్సరములలో బిరుదు గెలిచెను. తరువాత ఆఱేండ్లు బిరుదు రాలేదు. వయసు మీరినది, ఇక వీరి పని యైపోయినదని లోకము పలికెను.

2013 జూనులో వారు మరల తుదిపోటీకి చేరిరి. ఎదిరిపక్షము మయామి నగరపు హీట్ జట్టు. ఆనాటి ఆటగాండ్రలో మేటియని పేరొందిన లెబ్రాన్ జేమ్సు ఆ జట్టువాడు. అయిదాటలు ముగియునప్పటికి శాన్ ఆంటోనియోవారు మూడు గెలిచి యుండిరి. ఇంకొక్కటి చాలును. జూను 18వ తేదీన ఆఱవ యాట మయామిలో జరిగెను. 28 సెకండ్లు మాత్రమే మిగిలియుండగా శాన్ ఆంటోనియో 94, మయామి 89. బహూకరణోత్సవమునకు జనులు పైబడకుండ పసుపుపచ్చని త్రాళ్లు కట్టుటకు సేవకులు ఆటస్థలము ప్రక్కకు వచ్చిరి. కొందఱు మయామి ప్రేక్షకులు లేచి యిండ్లకు పోవుచుండిరి.

అప్పుడేమి జరిగెనో చూడుడు. ఆ 94వ పాయింటు వచ్చినప్పుడే జినోబిలికి రెండు అడ్డులేని విసురులు దొరకగా ఒకటి తప్పిపోయెను. జేమ్సు దూరమునుండి వేసిన బంతి మొదట తప్పినను అది మరల మయామివారికే చిక్కెను, రెండవసారి పడెను. 94, 92. కావీ లియొనార్డ్ అను కుఱ్ఱవానికి రెండు అడ్డులేని విసురులు వచ్చినవి. వానిలో నొకటి తప్పెను. 95, 92. జేమ్సు మరల వేసెను, తప్పెను. తప్పిన బంతులు పట్టుటలో ఆరితేరిన డంకన్ ఆ క్షణమున ఆటస్థలమున లేడు. దూరపు గీతను కాచుటకు చుఱుకైనవారు కావలెనని శిక్షకుడు ఆతని బల్లమీద కూర్చుండబెట్టెను. బంతి మయామివారికే దొరికెను. మూలనున్న రే అలెన్‌కు అందెను. అయిదు సెకండ్లు మిగిలియుండగా నతడు వేసిన బంతి సరిగా పడెను. 95, 95. అదనపు కాలములో మయామివారు 103-100గా గెలిచిరి. కళ్లమునకు వచ్చిన పంట కుప్ప వేయకమునుపే వానపాలైనట్లు అయినది. రెండు దినములకు జరిగిన ఏడవ యాటలో తుది నిమిషమున స్కోరును సమము చేయగల దగ్గఱి వేటును డంకనే తప్పెను. ఆతడు వంగి రెండు చేతులతో నేలను చఱచుట లోకమంతయు చూచినది. 95-88గా మయామివారు బిరుదు గొనిరి.

పెద్దలారా, మన యిండ్లలోగాని ఊళ్లలోగాని ఇట్టి నష్టము వచ్చినప్పుడు మొదట పుట్టునది యేమి? నీవలన గదా యను మాట. ఇచ్చట ఆ మాటకు అందఱును తగియే యున్నారు. జినోబిలి తప్పెను, లియొనార్డ్ తప్పెను, డంకన్‌ను కూర్చుండబెట్టుట శిక్షకుని పని, ఏడవ యాటలో తప్పినవాడు డంకన్. ఒకరిమీద నొకరు నేరము మోపుకొనినచో ఆ జట్టు ఆ రాత్రియే ముక్కలై యుండును. ఆఱవ యాట గెలుతుమను నమ్మకముతో మయామిలో నొక భోజనశాలలో విందునకు బల్లలు ముందే ఏర్పాటైయుండెను. ఓడిన పిదప ఎవరికి వారు గదులలో తలుపులు మూసికొనకూడదని పోపోవిచ్ జట్టంతటిని కుటుంబములతో గూడ అచ్చటికే రప్పించెను. తాను ముందుగా చేరి, వచ్చినవారి నొక్కొక్కరిని పలుకరించి, బల్లబల్లకు తిరిగి భోజనము చేయించెను. చావు ఇంట బంధువులు బలవంతముగా రెండు ముద్దలు తినిపించుటవంటి దిది. తరువాత శరత్కాలమున క్రొత్త యేటి సాధన మొదలైనప్పుడు, మఱచిపొండని చెప్పక, ఆ ఓడిన ఆటల చిత్రములనే జట్టునకు చూపించెను. ఎవరి తప్పు వారు అందఱియెదుట చూచుకొనిరి. దానితో ఆ ముచ్చట ముగిసినది.

ఇక 240 నిమిషముల సంగతి. డంకన్ పడుచువాడుగా నున్నప్పుడు ఆటకు సుమారు 39 నిమిషములు ఆడువాడు. 2013-14లో ఆతడు ఆడినది సగటున 29 నిమిషములు. పార్కరుదియు అంతే. లియొనార్డ్ 22 ఏండ్లవాడు, వానిదియు 29. జినోబిలి 23 నిమిషములకు లోపు. ఆ జట్టులో ఒక్కరును సగటున 30 నిమిషములు ఆడలేదు. ఎనిమిదిమంది ముప్పదేసి నిమిషములు ఆడినచో 240 సరిపోవును. ఒక్కరును ముప్పది చేరనిచో తొమ్మండుగురైనను చేయి వేయక తప్పదు. తొమ్మిదవవాడు చేయి వేయవలెనన్నచో వానికి ముందునుండి పని నేర్పియుండవలెను. పని నేర్పవలెనన్నచో వానిచేత తప్పులు చేయనీయవలెను. కొన్ని యాటలు పోగొట్టుకొనుటకు సిద్ధపడవలెను. బరువు పంచుకొనుట యన్నది మాటలలో తేలిక. పంచుకొనుటలో మొదట నష్టమే కనబడును.

ఈ పద్ధతికి జరిమానాయు కట్టవలసివచ్చెను. 2012 నవంబరులో వరుస ప్రయాణములతో అలసిన డంకన్, పార్కర్, జినోబిలి, డానీ గ్రీన్ అను నలుగురిని పోపోవిచ్ మయామిలో ఆడింపక ముందుగానే ఇంటికి పంపివేసెను. ఆ యాటను దేశమంతయు దూరదర్శనమున చూచుచుండెను. సమాఖ్యవారు కోపించి జట్టునకు 2,50,000 డాలర్లు జరిమానా విధించిరి. వారి కోపమును త్రోసిపుచ్చరాదు. ఏడాది కొకమాఱు కూడబెట్టిన డబ్బుతో బిడ్డలను వెంటబెట్టుకొని వచ్చిన ప్రేక్షకునకు తాను చూడవచ్చిన వీరుడు కనబడకున్న మనసు నొచ్చుట సహజము. ఆ చిక్కు తీఱకనే, అలసట తీర్చు నెపమున ముఖ్యులను ఆపుటపై సమాఖ్య 2017లోను మరల 2023లోను నియమములు చేసెను. అయినను దుక్కిటెద్దును ఎఱిగిన రైతు, సంతలో చూపుటకై దానిని ఎండలో పరుగెత్తింపడు. తొలకరికి అది నిలిచియుండవలెనని కోరును. పోపోవిచ్ లెక్కయు నట్టిదే. ఆతనికి జూను మాసము కావలెను.

ఇందులో హాస్యమును లేకపోలేదు. 2012 మార్చిలో నొకనాడు డంకన్‌కు విశ్రాంతి యిచ్చి, ఎందుకాడలేదో కారణము వ్రాయవలసిన చోట, గాయమనిగాని జ్వరమనిగాని వ్రాయక, "ముసలివాడు" అని వ్రాసి పంపిరి. అప్పటికి డంకన్‌కు 35 ఏండ్లు. మనలో ఎంతమందిమి ఆ మాటను అంత తేలికగా పడుదుము?

డంకన్ వదలుకొన్నది నిమిషములు మాత్రమే కాదు. 2011-12లో ఆతని జీతము సుమారు 2 కోట్ల 10 లక్షల డాలర్లు. ఆ యేడు గడువు తీఱగా నతడు దానిలో సగమునకు లోపు జీతమునకు క్రొత్త యొడంబడిక వ్రాసెను. జట్లు జీతములకు వెచ్చింపదగిన సొమ్మునకు సమాఖ్య హద్దు పెట్టియున్నది. పెద్దవాడు తగ్గించుకొన్నచో ఆ మిగులు తోడివారికి చెల్లింప వీలగును. జినోబిలి తన స్థానము వదలుకొనెను. ప్రపంచమెఱిగిన ఆటగాడై యుండియు, ఏండ్ల తరబడి ఆరంభములో దిగక, బల్లమీదనుండి లేచి వచ్చు ఆఱవవాడుగా నుండుట కొప్పుకొనెను. మొదటి పీట కొఱకు తగవులాడు మనకు ఇది చిన్న సంగతి కాదు.

వారు కాళ్లసత్తువ తగ్గినచోట బంతిని పరుగెత్తించిరి. ఒకడు బంతి పట్టుకొని నిలువడు. అరక్షణములో తోడివానికి అందించును, వాడు ఇంకొకనికి. మంచి అవకాశ మున్నవాడు ఇంతకంటె మంచి అవకాశ మున్నవానికి ఇచ్చును. ఆ సంవత్సరము తోడివాని గెలుపునకు అందించిన బంతుల లెక్కలో 30 జట్లలో వారిదే మొదటి స్థానము. అందఱికంటె నెక్కువ పాయింట్లు చేసిన పార్కరునకు కూడ ఆటకు 16.7 మాత్రమే వచ్చెను. ఇతర జట్ల మేటి వీరులు పాతికకు పైగా చేయుచున్న కాలమది.

ఆ బంతి అందుకొన్న చేతులు అనేక దేశములవి. ఫ్రాన్సునుండి బోరిస్ డియా, ఇటలీనుండి మార్కో బెలినెల్లి, బ్రెజిలునుండి టియాగో స్ప్లిటర్, కెనడానుండి కోరీ జోసెఫ్, ఆస్ట్రేలియానుండి పాటీ మిల్సు. డియా మునుపటి జట్టువారు వలదని విడిచినవాడు. డానీ గ్రీన్‌ను ఈ జట్టువారే ఒకమాఱు పంపివేసి మరల పిలిచిరి. ఇట్టివారిని కలుపుట శిక్షకునకు ఆటతో మాత్రమే సాధ్యము కాలేదు. ఒక్క యుదాహరణము చాలును. మిల్సు ఆస్ట్రేలియాలోని ఆదిమజాతులవాడు. ఆ దేశపు ఉన్నత న్యాయస్థానము 1992 జూను 3వ తేదీన, టారెస్ జలసంధి ద్వీపవాసులకు తమ పూర్వుల భూమిపై హక్కు గలదని తీర్పు చెప్పెను. ఆ వ్యాజ్యమును నడిపిన ఎడ్డీ మాబో యను పెద్ద మిల్సునకు బంధువు. 2014లో తుదిపోటీకి రెండు దినములముందు, జూను 3వ తేదీన, పోపోవిచ్ ఆటమాట లెత్తక ముందు జట్టంతటికిని ఆ మాబో కథ చెప్పెను. బల్లచివర కూర్చుండువాని తాతల భూమి కథ జట్టు పెద్దలందఱు విన్నారు. భూమితగవు లెఱిగిన మీకు దాని విలువ నేను వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇక ఆ యేటి ఆట వినుడు. 82 ఆటలలో వారు 62 గెలిచిరి, 20 ఓడిరి. ఆ యేడు ఏ జట్టును అంతకంటె నెక్కువ గెలువలేదు. తమ ఊర 32, పరాయి ఊళ్లలో 30. ఇంట గెలిచి రచ్చ గెలిచిరన్నమాట. జనవరిలో లియొనార్డ్ చేతియెముక విఱిగి 14 ఆటలు మానవలసివచ్చినను జట్టు కుంటుపడలేదు. ఫిబ్రవరి చివరినుండి ఏప్రిలు మొదటివఱకు వరుసగా 19 ఆటలు గెలిచిరి. ఆ జట్టు చరిత్రలో అంతటి వరుస మునుపు లేదు.

అయినను తుదిపోటీలు మొదలుకాగానే గండము వచ్చినది. ఇరుగుపొరుగు నగరమైన డల్లాసు జట్టు, తుదిపోటీలకు ఎనిమిదవ స్థానమున కష్టముమీద చేరినది, వీరిని ఏడాటలవఱకు లాగెను. మూడవ యాటలో కాలము ముగియుచుండగా విన్స్ కార్టర్ మూలనుండి వేసిన బంతితో 109-108గా ఓడిరి. నిరుటి రే అలెన్ వేటు మరల కన్నులకు కట్టియుండును. ఏడవ యాటను 119-96గా గెలిచి గట్టెక్కిరి. పిమ్మట పోర్ట్‌లాండు జట్టును అయిదాటలలో ఓడించిరి. తరువాత ఓక్లహామా నగరపు జట్టు. ఆ జట్టు 2012లో వీరిచేత మొదటి రెండాటలు ఓడి, తరువాతి నాలుగును వరుసగా గెలిచి వీరిని ఇంటికి పంపినది. ఈసారియు మొదటి రెండు శాన్ ఆంటోనియోవారివి, తరువాతి రెండు ఓక్లహామావారివి. పాత కథయే మరల నడుచునట్లుండెను. అయిదవది గెలిచిరి. ఆఱవదానిలో పార్కరునకు చీలమండ నొప్పిచేత రెండవ సగమున ఆడుటకు వీలులేకపోయెను. అప్పుడు, ఒకరు వలదన్న ఆ డియా బల్లమీదనుండి వచ్చి 26 పాయింట్లు చేసెను. అదనపు కాలములో 112-107గా గెలుపు. తొమ్మిదవవానికి పని నేర్పిన ఫలితము ఇట్టివేళ చేతికి వచ్చును.

తుదిపోటీలో మరల మయామియే. జూను 5న శాన్ ఆంటోనియోలో మొదటి యాట. ఆ రాత్రి ఆటశాలలో చల్లదనమిచ్చు యంత్రములు చెడిపోయి లోపల వేడి సుమారు 90 డిగ్రీల ఫారన్‌హైటునకు చేరెను. రోహిణికార్తెలో మనకు అది చల్లని వేళయే గాని, వారికి దుర్భరమైనది. అంతటి జేమ్సు కాలి నరములు కొంకరపోయి చివరి నిమిషములలో ఆడలేకపోయెను. శాన్ ఆంటోనియో 110-95గా గెలిచెను. రెండవ యాటలో జేమ్సు కోలుకొని ఆడగా 98-96గా మయామి గెలిచెను. మూడవదానికి పోపోవిచ్ డియాను ఆరంభములోనే దింపెను. ఆ యాట మొదటి సగమున శాన్ ఆంటోనియోవారు వేసిన బంతులలో నూటికి 75.8 వంతు పడినవి. తుదిపోటీల చరిత్రలో అట్టిది లేదు. 111-92గా గెలిచిరి. నాలుగవది 107-86. జూను 15న అయిదవ యాటలో మొదట 16 పాయింట్లు వెనుకబడియు, తొందరపడక, 104-87గా గెలిచి బిరుదు గొనిరి. అయిదాటలలో మొత్తము 70 పాయింట్ల మిగులు. నిరుడు 28 సెకండ్లలో పోయినది ఈ యేడు ఎవరును సందేహింపరాని విధమున చేతికి వచ్చెను.

తుదిపోటీలో ఉత్తమ ఆటగాడను బహుమానము ఎవరికి వచ్చెను? 38 ఏండ్ల డంకన్‌కు గాదు, 36 ఏండ్ల జినోబిలికి గాదు, 32 ఏండ్ల పార్కరునకు గాదు. నిరుడు విసురు తప్పిన లియొనార్డ్‌కు. మొదటి రెండాటలలో తొమ్మిదేసి పాయింట్లు చేసి వెనుకాడినవాడు తరువాత 29, 20, 22 చేసెను. ఆ నిరుటి తప్పును పెద్దలు వాని నెత్తిని మోపియుండినచో ఈ కుఱ్ఱవాడు మనకు కనబడియుండునా?

కథను ఇచ్చట ముగించినచో తీయగా నుండును గాని నిజము పూర్తి కాదు. డంకన్ 2016లో ఆట విరమించెను. జినోబిలి 2018లో విరమించెను. అదే 2018లో పార్కర్ మఱియొక జట్టునకు పోయెను. వారసుడనుకొన్న లియొనార్డ్ గాయమును గూర్చిన అభిప్రాయభేదములతో జట్టునకు దూరమై, ఆ సంవత్సరమే కెనడాలోని టొరాంటోకు మారి, 2019లో వారికి బిరుదు తెచ్చిపెట్టెను. పోపోవిచ్ అస్వస్థుడై 2025లో శిక్షకపదవి వదలెను. శాన్ ఆంటోనియో పెద్దలు నీరు పోసి పెంచిన చెట్టు పొరుగుదొడ్డిలో కాచినది. అంతమాత్రమున వారు చేసినది వ్యర్థమా? పట్నమునకు, పరదేశమునకు బిడ్డలను పంపిన తల్లిదండ్రులు మీలో ననేకులున్నారు. నేర్పినది నేర్చినవాని సొత్తు. వాడు మనయింటనే యుండునను హామీతో నేర్పువాడు నేర్పువాడు గాడు, వడ్డీకిచ్చువాడు.

ఇందు మనకు పనికివచ్చునది యేమి? మనయందు రెండు విధముల పెద్దలను చూచుచున్నాము. ఒకరు తాళపుచెవులు మొలనుండి విడువరు. పంట యమ్మకము, చెఱువు నీటివంతు, పెండ్లి మాటలు, పంచాయితీ తీర్పు అన్నియు తమ చేతిమీదుగానే జరుగవలెనందురు. నలువదియేండ్ల కొడుకు వారియెదుట బాలుడే. ఒకనాడు వారు మంచమెక్కగా ఆ కొడుకునకు పొలము గట్లు ఎన్నియో తెలియవు. రెండవవారు అలిగి అన్నియు వదలి, ఇక నన్నడుగకుడని గోడవైపు తిరిగి పరుండెదరు. వారెఱిగినది వారితోనే పోవును. ఈ యిరువురివలనను ఇంటికి మేలు లేదు.

డంకన్ చేసినది వేఱు. అతడు కాడి విడువలేదు, కాడి యంతయు తనదనలేదు. 39 నిమిషములు 29 చేసికొనెను. ఆ 29 నిమిషములును పూర్తిగా ఆడెను. మిగిలిన పదింటిని ఇతరులకిచ్చి, వారాడుచుండగా బల్లమీద కూర్చుండి చూచెను. వారు తప్పినప్పుడు లేచి అరవలేదు. ఆ కూర్చుండి చూచుటయే కష్టమైన పని యని నాకు తోచుచున్నది.

రేపు ఉదయము మీయింట నొక పనిని, మీరు బాగుగా చేయగలిగియున్న పనినే, మీ తరువాతివానికి అప్పగింపుడు. చేతగాక వదలిన పనిని ఇచ్చుట ఈవి కాదు. వాడు మొదటిమాఱు తప్పును. తప్పనిండు. మీరు ఊరక ప్రక్కన కూర్చుండుడు. అడిగినప్పుడు చెప్పుడు.